లేని చేపలో నాలుగు గంటలు

నా భార్య కార్ల సీట్లు పరీక్షించే ఇంజనీరు. సీట్లో ఒక బొమ్మను కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, గోడకు గుద్దించి, బొమ్మ ఎక్కడెక్కడ విరిగిందో చూడడం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగం కోసమే మేం అమెరికాలో, మిషిగన్‌లోని నోవై వచ్చాం. ఆమెది హెచ్-వన్ వీసా, నాది హెచ్-ఫోర్. అంటే ఆమె పని చేయవచ్చు. నేను ఆమె పని నుంచి వచ్చేదాకా ఎదురుచూడవచ్చు. నరసరావుపేటలో ఎనిమిదేళ్ళు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినవాణ్ణి, ఇక్కడ మొదటి చలికాలమంతా డిష్‌వాషర్‌లో గిన్నెలు ఎన్ని రకాలుగా సర్దవచ్చో పరిశోధన చేశాను. ఫిబ్రవరిలో ఒకరోజు గరిటెలన్నిటినీ పొడవు వరసలో పేర్చి, చూడమని ఆమెను పిలిచాను.

"నువ్వు రేపటి నుంచి బయటికి పో" అంది. ఆమెది హనుమకొండ. చెప్పదలచుకున్నది చుట్టూ తిప్పి చెప్పదు. "జీతం లేకుంటే లేకపాయె, ఏడన్న వాలంటీర్ చెయ్. ఇట్లనే ఉంటే ఆ గరిటెలకు అటెండెన్స్ తీస్తవ్."

అలా నేను ఇంటికి పది నిమిషాల దూరంలో, ఒక వాగు పక్కనున్న చిన్న నేచర్ సెంటర్‌లో చేరాను. తాబేళ్ళకు ఆకుకూర వేయడం, మెట్ల మీద మంచు తీయడం నా పనులు. అక్కడి డైరెక్టరమ్మకు డెబ్బై ఏళ్ళుంటాయి. పూర్వం స్కూల్లో పాఠాలు చెప్పిందట, గొంతు ఇంకా బడి ఆవరణకు సరిపడానే ఉండేది. నేనూ పంతులునే అని తెలిసిన రోజున, నా చేతిలోని మంచుపార లాక్కుని మరొకరికిచ్చి, నన్ను లోపలికి తీసుకెళ్ళి ఒక బొమ్మ చూపించింది.

గోడమీద, గాజు వెనకాల, చేత్తో గీసిన చేప బొమ్మ. జానెడున్నర పొడవు, బక్క ఒళ్ళు, లేత ఆలివ్ రంగు వీపు. విశేషమంతా మూతిలో ఉంది. పై పెదవి మామూలుగానే ఉన్నా, కింది పెదవి మధ్యకు చీలి రెండు ముక్కలుగా వేలాడుతోంది. ఎవరో చెప్పిన మాటకు అలిగినట్టుంది ముఖం. మాకు దక్షిణంగా ఒహాయో వైపు, ఇంకా కిందికి చాలా రాష్ట్రాల నదుల్లో, అద్దంలాంటి నీళ్ళలో రాళ్ళమధ్య నత్తలు ఏరుకుని తిని బతికేదట. అడవులు కొట్టి పొలాలు దున్నాక ఆ మట్టంతా నదుల్లోకి దిగింది. నీళ్ళు బురదయ్యాయి, నత్తలు పోయాయి, వాటి వెనకాలే ఇదీ పోయింది. వందేళ్ళకు పైబడి దాన్ని చూసినవాళ్ళు లేరు.

"మే నెలలో మా రివర్ పెరేడ్‌లో నువ్వు ఇదే" అంది డైరెక్టరమ్మ.

పెరేడ్ అంటే వాలంటీర్లందరూ తలా ఒక చేప వేషం వేసుకుని ఊళ్ళో మెయిన్ రోడ్డు మీద నడవడం. బతికున్న చేపల్నన్నిటినీ పాతవాళ్ళు ఎప్పుడో పంచేసుకున్నారు. ఎనభై ఏళ్ళ ఆయనొకడు పదిహేనేళ్ళుగా స్టర్జన్ చేపను ఎవరికీ వదలడం లేదట. అంతరించిన చేపకు మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. కారణం తర్వాత తెలిసింది. దానికి కొన్ని నియమాలున్నాయి. అందరికంటే వెనక, ఒక్కటే నడవాలి. నవ్వకూడదు. జనం చేతులూపితే తిరిగి ఊపకూడదు.

"ఎందుకని?" అని అడిగాను.

"ఎందుకంటే నువ్వు లేవు" అంది.

నేను చేరకముందే ఆ వేషం కుట్టిపెట్టింది మరో వాలంటీరమ్మ. బొంతలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. లోపల మందంగా ఫోమ్, పైన ఆలివ్ రంగు బట్ట, దానిమీద చేత్తో కుట్టిన పొలుసులు. ఆర్నెల్లు పట్టిందని చెప్పింది. కాళ్ళకు కింద రెండు కంతలు, వెనక తోక, వీపుమీద మూరెడు ఎత్తున నిలబడే రెక్క. పాఠ్యపుస్తకంలో దాన్ని పృష్ఠవాజం అంటాం. ఎనిమిదేళ్ళు బోర్డు మీద గీశాను గానీ అది ఎంత బరువుంటుందో అప్పుడే తెలిసింది. చేతులు లోపలే ఉంటాయి, పక్క రెక్కల చివర్నుంచి వేళ్ళు మాత్రం బయటికొస్తాయి. నా ముఖం చేప నోట్లోంచి కనిపిస్తుంది. గడ్డం కింద యోగా మ్యాట్ కత్తిరించి చేసిన ఆ చీలిన పెదవి రెండు ముక్కలూ ఊగుతుంటాయి. ముఖానికి కూడా ఆకుపచ్చ రంగు పూశారు. ఇదంతా వీపు మీద ఒకే ఒక పొడవాటి జిప్పుతో మూసుకుంటుంది.

పెరేడ్ ఉన్న శనివారమే మా స్నేహితుల కొత్త ఇంట్లో సత్యనారాయణ వ్రతం పడింది. నా భార్య పులిహోర కలపడానికి పొద్దున్నే స్నేహితురాలి కార్‌లో వెళ్ళిపోతూ, "పన్నెండింటి లోపల రా. పట్టు కుర్తా కార్‌లో పెట్టిన. మొహం కడుక్కుని రా" అని మూడుసార్లు చెప్పింది.

పది గంటలకు పెరేడ్ మొదలైంది. ముందు డప్పులు, తర్వాత బాస్, వాల్ఐ, క్యాట్‌ఫిష్ చేపలు, చేతులూపుకుంటూ స్టర్జన్ తాత, చాలా ఖాళీ వదిలి చివర నేను. జనం అప్పటిదాకా ఈలలు వేసి, నేను రాగానే ఏం చేయాలో తెలియక ఆగిపోయేవాళ్ళు. ఒక పెద్దాయన టోపీ తీశాడు. బండిలో కూర్చున్న చిన్నపిల్ల ఒకతె నాకేసి చేతులూపి, నేను ఊపకపోయేసరికి ఏడుపు లంకించుకుంది. వాళ్ళమ్మ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. "అది నా తప్పు కాదమ్మా, నేను లేను" అని చెప్పాలనిపించింది. మాట్లాడకూడదన్న నియమమైతే లేదు గానీ, ధైర్యం చాలలేదు.

పదకొండున్నరకు సెంటర్ వెనక పార్కింగ్‌లో అందరూ వేషాలు విప్పుకున్నారు. నాది రాలేదు. జిప్పు నడుము దాకా కూడా దిగకుండా, భుజాల మధ్యే లోపలి బట్టను కరిచి పట్టుకుంది. డైరెక్టరమ్మ లాగింది. స్టర్జన్ తాత లాగాడు. జారుతుందేమోనని సబ్బు రాశారు, పెన్సిల్ సీసం రుద్దారు. డైరెక్టరమ్మ లోపలికెళ్ళి కత్తెర తెచ్చింది. కుట్టిన వాలంటీరమ్మ ఆ కత్తెరను చూసి నాకూ దానికీ మధ్య నిలబడింది.

"ఆర్నెల్లు!" అంది. "ఇలాంటిది ప్రపంచంలో ఇదొక్కటే."

అసలు చేప ఎటూ లేదు, ఉన్న ఈ ఒక్కదాన్నీ కోసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కత్తెర లోపలికెళ్ళిపోయింది.

నా ఇబ్బంది మరొకటి ఉంది. ఉక్క పోస్తుందని లోపల నిక్కరూ బనీనూ మాత్రమే వేసుకున్నాను. ఫోన్ నిక్కరు జేబులో ఉంది. చేప లోపల చెయ్యి కిందికి వంగదు. ఎవరి ఫోనైనా అడిగి భార్యకు చేద్దామంటే, ఆమె నంబరు నాకు నోటికి రాదు. పెళ్ళైన ఆరేళ్ళకు ఒక పార్కింగ్ లాట్‌లో, చేప నోట్లోంచి ఆ సంగతి ఒప్పుకోవలసి వచ్చింది. టైము పన్నెండు కావస్తోంది. వ్రతం ఇల్లు అక్కడికి పావుగంట. నేరుగా వెళ్ళి, గ్యారేజ్ దగ్గర నిలబడి, ఎవరితోనైనా ఆమెను నెమ్మదిగా పిలిపించుకుంటే సరిపోతుందనుకున్నాను.

కార్‌లో ఎక్కడానికే నలుగురి సాయం కావలసి వచ్చింది. తోకను సీటు పక్కకు మడిచారు. బెల్టు పొట్టచుట్టూ ఎలాగో తిప్పారు. పృష్ఠవాజం మాత్రం పైకప్పుకు తగిలి నన్ను ముందుకు తోసేస్తోంది. స్టర్జన్ తాత కాసేపు ఆలోచించి, సన్‌రూఫ్ తెరవమన్నాడు. రెక్క హాయిగా బయటికెళ్ళి నిటారుగా నిలబడింది. వేళ్ళు స్టీరింగ్‌కు అందాయి.

ఐదు మైళ్ళు కూడా పోలేదు, వెనక పోలీసు లైట్లు వెలిగాయి. నలభై ఐదు పోవలసిన రోడ్డు మీద నేను పాతికలో పోతున్నానట. పోలీసాయన వచ్చి కిటికీలోంచి చూసి, రెండడుగులు వెనక్కు వేసి మళ్ళీ చూశాడు.

"సర్, వాట్ ఆర్ యూ?" అన్నాడు.

అమెరికాలో నన్ను చాలామంది చాలా ప్రశ్నలడిగారు గానీ ఇది ఎవరూ అడగలేదు. "చేపనండీ, అంతరించిపోయింది" అని ఇంగ్లీషులో చెప్పాను. లైసెన్స్ అడిగాడు. వెనక సీట్లో పట్టు కుర్తా జేబులో ఉందని చెప్తే, ఆయనే తలుపు తీసి తీసుకుని, ఫోటోనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఆ సమయంలో నా పొట్టలో ఫోన్ మోగడం మొదలైంది. నా భార్య చేసినప్పుడు మాత్రమే వచ్చే రింగ్‌టోన్, తెల్లారగట్ల కోడి కూత.

"మీ చేపలో కోడి కూస్తోంది" అన్నాడాయన.

"నా భార్య."

ఆయన తల ఊపాడు. పెళ్ళైనవాడే అనుకుంటాను. ఏం చేప అని అడిగాడు, చెప్పాను. ఎక్కడిదని అడిగాడు, నది పేరు చెప్పాను. "ఆ నదిలో మా నాన్నా నేనూ చిన్నప్పట్నుంచీ చేపలు పట్టాం. ఇలాంటిదెప్పుడూ పడలేదే" అన్నాడు.

"మీ నాన్నగారు పుట్టకముందే పోయిందండీ."

ఎలా పోయిందని అడిగాడు. నదులు బురదపడడం గురించి నేను ఐదు నిమిషాలు చెప్పాను. కారు పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, నా నరసరావుపేట విద్యార్థుల్లో ఒక్కరూ విననంత శ్రద్ధగా విన్నాడు. చివర్లో దయతలిచి, ఆ జిప్పు నేను తీస్తానుండు అని నన్ను ముందుకు వంచి గట్టిగా ఒక్క గుంజు గుంజాడు. పిడి ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. చాలాసేపు దాన్నే చూసి, నా వేళ్ళమధ్య పెట్టి, "హ్యావ్ ఎ నైస్ డే" అని వెళ్ళిపోయాడు. టికెట్ ఇవ్వలేదు.

వ్రతం ఇంటి ముందు వీధి పొడవునా కార్లు. గ్యారేజ్ మూసి ఉంది. ఇక తప్పక గుమ్మం ముందుకెళ్ళి, ఎవరైనా బయటికొస్తారేమోనని నిలబడ్డాను. ఆ తలుపుకు కెమెరా ఉందనీ, గుమ్మంలో ఎవరు నిలబడినా ఇంటాయన ఫోన్‌లో కనిపిస్తారనీ నాకు తెలియదు. ఇంటాయన ఫోన్‌ను లోపల స్టాండ్‌కు పెట్టి, ఇండియాలో ఉన్న బంధువులకు వ్రతం లైవ్‌లో చూపిస్తున్నారు. సరిగ్గా పంతులుగారు కథలో వర్తకుడి పడవ మునిగిన చోటికి వచ్చేసరికి, ఫోన్ తెరమీద టింగుమని నేను ప్రత్యక్షమయ్యానట.

తలుపు తీసింది ఇంటావిడ నాన్నగారు. కొవ్వూరు నుంచి ఆర్నెల్ల విజిట్‌కు వచ్చిన మనిషి. పట్టుపంచె కట్టుకుని, చేతిలో అక్షింతలతో, నన్ను కిందినుంచి పైదాకా చూశారు.

"ఆయ్, రండి రండి" అన్నారు. చేపను చూసి తలుపు వేసేసుకోవడం ఆయన అలవాటులో లేదు. "ఎవరి తాలూకండీ తమరు?"

నేను జవాబు చెప్పేలోగా లోపలినుంచి ఇంటాయన తల్లిగారు కేకవేశారు. "వ్రతం జరుగుతుంటే ఇంట్లోకి నీచు ఏమిటండీ! బయటే ఉంచండి, బయటే ఉంచండి!"

"నీచు కాదండీ, ఫోమ్" అన్నాను.

"చేప ఆకారం చేపే కదా! పంతులుగారూ, మీరే చెప్పండి. ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచి చేయాలా?"

హాల్లో ముప్ఫైమంది పంతులుగారి వైపు తిరిగారు. ఆయన సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. శనివారాల్లో మూడు వ్రతాలకు తక్కువ చేయించరు. గోడ గడియారం చూసుకున్నారు. పుస్తకంలో వేలు పెట్టి, "ఏం చేపయ్యా అది?" అని అడిగారు. చెప్పాను. "ఇప్పుడు ఎక్కడా లేదా?" అన్నారు. లేదన్నాను. "ఖాయమా?" ఖాయమన్నాను.

"నీచు అంటే తినేదమ్మా" అన్నారు తల్లిగారి వైపు తిరిగి. "దీన్ని తినేవాళ్ళు లేరు, తినడానికిది లేదు. లేనిదానికి దోషమేమిటి? మూడింటికి నాకు ట్రాయ్‌లో ఇంకొకటుంది. వెనక నిలబడమనండి."

వెనక నిలబడ్డాను. కూర్చోవడం ఎటూ కుదరదు. ఫోన్ తెరమీద ఇండియా నుంచి ఎవరో, "అమెరికాలో ఏర్పాట్లు భలే ఉన్నాయే, పడవ మునగ్గానే చేపను కూడా పెట్టారు" అనడం హాలంతా వినిపించింది. ఇంటాయన సిగ్గుపడ్డాడు గానీ కాదని చెప్పలేదు.

కథ మళ్ళీ మొదలైంది. రెండు నిమిషాలు కాకముందే నా పొట్టలో కోడి కూసింది. వంటింటి గుమ్మంలోంచి నా భార్య, ఫోన్ చెవికి పెట్టుకుని, పులిహోర గరిటెతో బయటికొచ్చింది. కూత ఎటునుంచి వస్తోందో చూసింది. ఫోన్ పెట్టేసింది, కూత ఆగింది. మళ్ళీ చేసింది, మళ్ళీ కూసింది. మూడోసారి చేయలేదు. నెమ్మదిగా నడిచివచ్చి చేప నోట్లోకి తొంగిచూసింది.

"మొహం కడుక్కుని రమ్మన్న కదా" అంది.

జిప్పు సంగతి గుసగుసగా చెప్పాను. కారు నడుపుకుంటూ వచ్చానని కూడా చెప్పాను. ఆమె ముఖం అప్పుడు మారింది. "ఈ ఫోమ్ మీద నుంచి బెల్ట్ పెట్టుకున్నవా? ఎన్ని ఇంచులుంటది ఇది? ఆరా? క్రాష్ అయితే బెల్ట్ దీన్ని పట్టుకుంటది, నువ్వు లోపల జారుతవ్. మా డమ్మీకి కూడ ఇట్ల చెయ్యం!" గరిటెతో నా పొట్టమీద పొడిచి మందం చూసింది. పంతులుగారు దగ్గారు. మేం మాట్లాడడం ఆపాం.

హారతయ్యాక ఆడవాళ్ళందరూ నా చుట్టూ చేరారు. నా భార్య చేప నోట్లో ప్రసాదం పెట్టింది, ఎవరో ఫోటో తీశారు. చేప సంగతంతా చెప్పాక ఒకావిడ, ఇది పులుసుకు బాగుంటుందా వేపుడుకా అని అడిగింది. ఆ జాతి చేపలకు ముళ్ళెక్కువ అన్నాను. "అయితే పులుసే" అని నలుగురూ ఒకేసారి తేల్చేశారు. ఇందాకటి తల్లిగారు కూడా దగ్గరికొచ్చి నా పొలుసుల కుట్టు పరిశీలించి, "పని మాత్రం నిఖార్సుగా ఉందమ్మా" అన్నారు. కొవ్వూరాయన అందరికంటే వెనక నిలబడి, ఏదో లెక్క తేలనట్టు నన్నే చూస్తున్నారు.

"అబ్బాయిగారూ" అన్నారు చివరికి, "దాని రుచి ఎలా ఉండేదో ఎక్కడా రాసి పెట్టలేదాండీ?"

నేను చదివినంతలో కనిపించలేదన్నాను.

"అంటే దాని రుచి ఒక్కడైనా రాసి పెట్టకుండానే పోయిందన్నమాట." కండువాతో ముఖం తుడుచుకున్నారు. నాకు పెరేడ్‌లో రాని దిగులు, చుట్టూ పులిహోర వాసన మధ్య, అక్కడ వచ్చింది. ఆ చేప గురించి మూడు నెలలు చదివాను. ఎంత పొడవో తెలుసు, ఏం తినేదో తెలుసు. దాన్ని పట్టి, వండి, పిల్లలకు ముళ్ళు తీసి పెట్టిన అమ్మలు ఆ నది ఒడ్డున ఎందరో ఉండి ఉంటారని మాత్రం ఆయన అడిగేదాకా తోచలేదు.

నన్ను విడిపించింది నా భార్యే. లాండ్రీ గదిలోకి తోసుకెళ్ళి, డ్రయ్యర్ మీదకు బోర్లా వంచింది. "సీట్ కవర్లకు ఇట్లాంటి జిప్పులే ఉంటయ్. రోజూ చూస్త. అందరు కిందికి గుంజి ఉంటరు, అవునా? బట్ట ఇరికితే పక్కకు గుంజాలె." పిడి ఊడిన చోట పేపర్ క్లిప్ దూర్చింది. ఇరుక్కున్న బట్టను గోళ్ళతో ఇంచు ఇంచుగా పక్కకు లాగింది. నిమిషం కూడా పట్టలేదు. నాలుగు గంటల తర్వాత నా వీపుకు గాలి తగిలింది.

పట్టు కుర్తా వేసుకుని, ముఖం సగం పచ్చగానే హాల్లోకి వచ్చాను. ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలు నన్ను దాటి వెనక్కు చూస్తూ, "అంకుల్, వేర్ ఇజ్ ద ఫిష్?" అని అడిగారు. ఇంటావిడ కూడా కొంచెం నిరాశపడినట్టే కనిపించింది.

ఆ తర్వాత రెండు వారాలకు, ఆదివారం పూట, వ్రతానికి వచ్చినవాళ్ళలో చాలామంది పెరుగన్నం డబ్బాలు సర్దుకుని నేచర్ సెంటర్‌కు వచ్చారు. డైరెక్టరమ్మ అన్ని కార్లు ఒకేసారి చూసి, ఏదో ప్రమాదం జరిగిందనుకుని బయటికి పరిగెత్తుకొచ్చింది. వాళ్ళందరికీ గోడమీద బొమ్మ చూపించి తెలుగులో పాఠం చెప్పాను. "చీలిన పెదవి ఎందుకొచ్చింది, వాళ్ళమ్మ గ్రహణం చూసిందా?" అన్న ఒక్క ప్రశ్నకు మాత్రం సరిగ్గా జవాబివ్వలేకపోయాను. అక్కడి వాలంటీర్లు కూడా పక్కన నిలబడి, ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా విన్నారు. కుట్టిన వాలంటీరమ్మ, నా భార్య ఒక మూల కూర్చుని జిప్పుల గురించి గంటసేపు మాట్లాడుకున్నారు.

కొవ్వూరాయన బొమ్మ ముందు కాసేపు నిలబడి, బయటికొచ్చి వాగు చూశారు. "పోయినవాటి మాట సరేనండి, ఉన్నవేమిటి?" అని అడిగారు. చెప్పాను. ఆ వారమే అల్లుడితో ఫిషింగ్ లైసెన్స్ తీయించుకున్నారు. అప్పట్నుంచి వాగుల వెంట, చెరువుల వెంట తిరుగుతూ పట్టినదల్లా ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపిస్తున్నారు, పేరేమిటో చెప్పమని. రుచి ఎలా ఉందో వెంటనే కింద రాస్తారు. "మెత్తన. పులుసుకు విరిగిపోతుంది." "వేపుడు ఫరవాలేదు." "ఇది వద్దు." ఎవరైనా రాసి పెట్టాలి కదండీ అంటారు.

నిన్న పంపిన ఫోటోలో ఏదో నల్లగా, బురద కారుతూ, పొడుగ్గా ఉంది. పెద్దది చేసి రెండు పక్కలకూ తిప్పి చూశాను.

"అది చేప కాదండీ, చెప్పు" అని రాశాను.

"జత దొరికితే చెప్తానండి" అని జవాబొచ్చింది.